సంచిలోనే ఉండిపోయిన లంగరు తాడు

గోహెయి పెద్దయ్యతో వాదం పెట్టుకుని గెలిచిన మనిషిని నా ఎనభై రెండేళ్ళ బతుకులో ఒక్కరినే చూశాను. ఆమె పేరు తొగాషి ఫుకి. మా ఊళ్ళో కరెంటు పనులు చేసే మనిషి. ఆ వాదం చేపల గురించి కాదు, పడవల గురించీ కాదు. బట్టలుతికే మిషను వెనకాల ఉండే ఒక ఆకుపచ్చ తీగ గురించి.

అది డిసెంబరు మొదటి వారం. ఆ ఏటి తొలి ఉరుము పొద్దున్నే ఉరిమింది. మా హిమి రేవులో దాన్ని బురిలేపు ఉరుము అంటాం. అది మోగితే సముద్రంలో ఎక్కడో పడుకున్న బురి చేపలు లేచి మా ఒడ్డుకేసి వస్తాయి. వాటి వెనకే మా ఏడాది అన్నం వస్తుంది. పై ఊళ్ళవాళ్ళు ఉరుముకి చెవులు మూసుకుంటారట. మేం చెప్పులు కూడా వేసుకోకుండా ముంగిట్లోకి పరిగెడతాం.

గోహెయి పెద్దవలకు యజమాని. ముప్పైమంది పడవవాళ్ళు ఆయన చెప్పినట్టు నడుచుకునేవాళ్ళు, మిగిలిన ఊరంతా వాళ్ళు చెప్పినట్టు నడుచుకునేది. తొలి ఉరుము రోజున వాళ్ళందరికీ ఇంట్లో సారా పోయడం ఆయన తాతనాటి ఆనవాయితీ. ముల్లంగి ఉడకబెట్టడానికి మనిషి కావాలంటే నేను వెళ్ళాను. వంటగది గుమ్మంలో నిలబడి అంతా నా కళ్ళతో చూశాను. ఇందులో ఎవరో చెప్పగా విన్న ముక్క ఒక్కటీ లేదు.

అందరూ రెండో గిన్నె అందుకునే వేళకి ఫుకి వచ్చింది. వానకోటు మీంచి నీళ్ళు కారుతున్నాయి, నడుముకి పనిముట్ల సంచి. అందరికీ వంగి నమస్కారం పెట్టి, తిన్నగా మూలకు పోయి, కొత్త టీవీ ప్లగ్గు పీకేసింది. అందులో వార్తలు చదివే మనిషి నోరు తెరిచినవాడు తెరిచినట్టే మాయమయ్యాడు.

గోహెయి గిన్నె కింద పెట్టాడు. ఆయన గిన్నె కింద పెడితే గదిలో ఇంకెవరూ మింగరు. కిందటేడు సరిగ్గా ఇదే రోజుల్లో ఆయన పాత టీవీ ఉరుము దెబ్బకి ఠప్పుమని ఆరిపోయింది. ఈ కొత్తది ఫుకి దుకాణంలోనే కొన్నాడు. అమ్మిన రోజు నుంచీ ఆమె ఒకటే పాట పాడుతోంది: ఇంటికి పిడుగు పెట్టె బిగించనివ్వండి, దానికి నేలలోకి ఎర్త్ తీగ వేయనివ్వండి. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"చూడు కరెంటమ్మా. ఉరుము మా ఇంటి చుట్టం. మా తాత దానికి సారా పోశాడు, మా నాన్న పోశాడు, నేను పోస్తున్నా. చుట్టం గుమ్మంలో కాలు పెట్టగానే దీపాలార్పేస్తారా ఎవరైనా."

"సారా పొయ్యండి పెద్దయ్యా, వద్దన్నానా," అంది ఫుకి. "తాగిన చుట్టాన్ని గదిలో పెట్టి గడియ వేస్తేనే గోడలు పగలగొడతాడు. ఆయన వెళ్ళడానికి వెనక తలుపు ఒకటి పెట్టమంటున్నాను."

కొండల్లోంచి వచ్చినదానివి, సముద్రం మీది ఉరుము సంగతి నీకేం తెలుసని ఆయన అడిగాడు. పడవవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఫుకి కూడా నవ్వింది. తనకు తెలియని మాట నిజమేననీ, ఒక్క సంగతి చెబితే నేర్చుకుని పోతాననీ అంది. వల సముద్రంలో దించాక అది కొట్టుకుపోకుండా దేనికి కడతారని అడిగింది. ఇసక బస్తాలకి, లంగరు తాళ్ళతో కడతామని గోహెయి చెప్పాడు, పసిపిల్లకు చెప్పినట్టు.

"ఆ తాళ్ళు కొత్తవి, ఉప్పునీళ్ళకి పాడైపోతాయని సంచిలోనే పెట్టి వల దించితే?"

"ఏ వెధవ చేస్తాడు అలాంటి పని," అన్నాడు గోహెయి.

ఫుకి స్నానాల గది పక్కకు పోయి, అక్కడున్న బట్టల మిషనుని జానెడు ముందుకు లాగి, వెనక చెయ్యి పెట్టి ఒక ప్లాస్టిక్ సంచి బయటికి తీసింది. అందులో ఆకుపచ్చ తీగ ఎనిమిది మడతలు పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని గది మధ్యకు తెచ్చి అందరికీ చూపించింది.

"ఇదీ మీ ఇంటి లంగరు తాడు. ఏడేళ్ళుగా సంచిలోనే ఉంది."

పడవవాళ్ళలో అందరికంటే ముసలాయనకి సారా ముక్కులోంచి వచ్చింది. ఇక ఆగలేదు, గదంతా నవ్వు. గోహెయి పెళ్ళాం వైపు చూశాడు. ఆమె నా వైపు చూసింది. నేను ముల్లంగి వైపు చూశాను. ఎందుకంటే మా ఇంట్లో తీగ కూడా సంచిలోనే ఉంది. నాది తొమ్మిది మడతలు.

మా ఊరి ఆడవాళ్ళం అంతే. కొత్త వస్తువు ఇంటికొస్తే పైనున్న పొర ఊడదీయం. మిగిలిపోయిన కూర మీద కప్పే పల్చటి ప్లాస్టిక్ టీవీ రిమోటుకి చుడతాం. మిషనుతో వచ్చిన ఆకుపచ్చ తీగ ఎందుకో ఎవరికీ తెలియదు, కానీ కొత్తది, కాబట్టి దాస్తాం. నేల లోపలికి పోవలసిన తీగని ఊరు మొత్తం అలా భద్రంగా దాచి పెట్టింది.

"కట్టవే," అన్నాడు గోహెయి చివరికి. ఆ సాయంత్రమే ఫుకి ఆయన పెరట్లో రాగి కడ్డీ దిగ్గొట్టి, తీగ బిగించి, మెయిన్ బోర్డులో పిడుగు పెట్టె పెట్టి పోయింది. ఆ చలికాలం అయ్యేలోపు నలభై మూడు ఇళ్ళవాళ్ళు ఆమెను పిలిచారు. గోహెయి ఇంట్లో ఉన్నది తమ ఇంట్లో లేదంటే ఎవరికైనా నామోషీయే.

ఫుకి పుట్టింది మంచు ఇంటికప్పు దాకా పడే కొండ పల్లెలో. ఇరవయ్యో ఏట తొగాషి యాసాకుని చేసుకుని రేవుకొచ్చింది. యాసాకు రేడియోలు, దీపాలు అమ్మేవాడు. మంచివాడు, కానీ నిచ్చెన మూడో మెట్టు ఎక్కితే చెమటలు పట్టేవి. కాపురానికొచ్చిన రెండో నెలలోనే ఫుకి ఇళ్ళ కప్పుల మీదికెక్కి యాంటెన్నాలు కట్టడం మొదలుపెట్టింది. కొత్త కోడలు పెంకుల మీద నడుస్తుంటే కింద నుంచి చూడటానికి మా అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను మాత్రం కూర్చోలేదు. నిలబడి చూశాను.

నలభై ఆరో ఏట ఆమెకు బుద్ధి పుట్టింది, పని చేస్తూ లైసెన్సు చీటీ లేకపోవడమేమిటని. కరెంటు పని పరీక్షకు కూర్చుంది. మొదటిసారి తప్పింది. తీగలు కలిపి చుట్టమంటే ఇన్నేళ్ళూ రేవులో చూసిన వల ముడి వేసిందట. అది ఊడదీయలేక పరీక్ష పెట్టినాయన కత్తెర తెప్పించుకున్నాడట. రెండోసారి ఆమె పని బాగానే చేసింది కానీ, పక్కవాడు తీగ తప్పు కలుపుతుంటే చూడలేక చెప్పేసింది. మాట్లాడినందుకు బయటికి పంపారు. మూడోసారి నోట్లో రేగిపండు పెట్టుకుని కూర్చుంది. ప్యాసయింది. ఆ కాగితం అద్దం కట్టించి దుకాణంలో పెట్టారు. దుకాణం బోర్డు మీద మాత్రం ఇప్పటికీ యాసాకు పేరే ఉంది. అక్షరాలు బాగా రాశారు, మళ్ళీ అంత బాగా కుదరదు అంటుంది.

ఎవరింటికెళ్ళినా మెయిన్ బోర్డు చూడందే టీ ముట్టదు. ఏదైనా చెప్పవలసి వస్తే ఆ ఇంట్లో ఉన్నదాంతోనే చెబుతుంది. స్నానాలశాల ఆయనకు వేణ్ణీళ్ళ గొట్టంతో చెప్పింది, గుడి ఆయనకు గంటతో చెప్పింది. నాకు అన్నం గిన్నెతో చెప్పింది. పిడుగు ఇంటి మీదే పడక్కర్లేదు, ఆ పక్క కొండ మీద పడినా చాలు, అన్నం గిన్నె పొంగినట్టు తీగల్లో కరెంటు ఒక్క క్షణం పొంగుతుంది, ఆ పొంగుకే టీవీలు, ఫ్రిజ్‌లు చస్తాయి అంది. పిడుగు పెట్టె చేసే పని పొంగినదాన్ని ఇంట్లోకి రానివ్వకుండా ఎర్త్ తీగ మీదుగా నేలలోకి దింపడం. ఒక్కోసారి దెబ్బ గట్టిదైతే పెట్టె తనే తిని చస్తుంది, ఇంటిని బతికిస్తుంది. అందుకే దాని మీద కందిగింజంత పచ్చ దీపం ఉంటుంది. వెలుగుతుంటే పెట్టె బతికున్నట్టు. ఆరిపోతే ఇల్లంతా మామూలుగానే పనిచేస్తుంది, కానీ కాపలా లేనట్టు. కాబట్టి ఏటా చలికాలం ముందు ఆ దీపం చూసుకోవాలి. ఎవరూ చూసుకోరు. అందుకని నవంబరులో నలభై మూడిళ్ళూ తనే తిరిగి చూసేది.

పిడుగు నేరుగా ఇంటి మీదే పడితే ఏం చేస్తుంది నీ పెట్టె అని నేను అడిగాను. అప్పుడు ఏమీ చెయ్యదు అంది. వస్తువు అమ్మేవాళ్ళు అలా నిజం చెప్పడం నేను వేరెక్కడా చూడలేదు.

ఇంత తెలిసి నేను పెట్టించుకున్నానా అంటే, లేదు. ఆకుపచ్చ తీగ బయటికి తీయించాను, అంతే. పెట్టె దగ్గర మొండికేశాను. ఆమె నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న, కొండమనిషి, గోడ మీద అద్దం కట్టిన కాగితం ఉన్నది. నేను ఆరో తరగతితో బడి మానేసి కవళ్ళ చేపల తలలు తీయడానికి పోయినదాన్ని. నాకు తను చెప్పడమేమిటని లోపల ఉండేది. పైకి మాత్రం, ఉరుము రాకముందే నాకు చెవిలో తెలుస్తుంది, నేను ప్లగ్గులు పీకేస్తాను, నాకెందుకు పెట్టె అని ఊరంతా చెప్పుకునేదాన్ని.

ఈ చెవి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్క చెక్క గోడ. యాసాకుకి ఉరుమంటే చచ్చేంత భయం. ఆకాశం రంగు మారేసరికి ఆయన పరుపులు పెట్టే అలమరలోకి దూరి, చిన్నపిల్లలకి చెప్పే కథలోలా ఉరుము బొడ్డు ఎత్తుకుపోతుందన్నట్టు రెండు చేతులూ దాని మీద పెట్టుకుని, తలుపు దడాలున మూసుకునేవాడు. ఆ చప్పుడు నాకు వినబడేది. నా చెవి మహత్యం మొత్తం అదే.

"పీకు అక్కా, నీ ఇష్టం," అంది ఫుకి. "మా చలికాలపు ఉరుము వేసవి ఉరుములా గొణుక్కుంటూ రాదు, ఒక్కటే దెబ్బ కొట్టి పోతుంది. నువ్వు లేచేలోపు అయిపోతుంది. సరే, అదీ నీ ఇష్టం. షెడ్డులో ఫ్రీజర్ ప్లగ్గు మాత్రం పీకొద్దు. పీకినవాళ్ళు మర్చిపోతారు. దానికి పెట్టె పెట్టించు."

"మర్చిపోయేవాళ్ళకి చెప్పు," అన్నాను నేను.

ఆ షెడ్డులో మేం పదకొండుమంది ఆడవాళ్ళం కవళ్ళని సోయా, చక్కెర, తీపి సారా కలిపిన నీళ్ళలో ముంచి, కిరసనాయిలు పొయ్యి పెట్టి వెచ్చగా ఆరబెట్టి అమ్మేవాళ్ళం. శరదృతువులో కొవ్వు పట్టిన కవళ్ళు కొని ఫ్రీజర్ నిండా పెడితే వసంతం దాకా పని ఉండేది. గుంపుకి పెద్ద నేనే. తాళంచెవి నా మెడలోనే ఉండేది, స్నానానికి పోయినా.

గోహెయి ఇంట్లో ఆ వాదం జరిగిన మూడో ఏడు. డిసెంబరు తొమ్మిది, తెల్లవారింది. అలమర తలుపు దడాలుమంది. నేను ఇంట్లో టీవీ పీకాను, అన్నం కుక్కర్ పీకాను, ఫోను తీగ పీకాను, షెడ్డులోకి పరిగెత్తి ఫ్రీజర్ కూడా పీకాను. ప్లగ్గు కింద తడిలో పడకూడదని చేతిగుడ్డ ముక్కతో ముడివేసి మేకుకి తగిలించాను. నా జాగ్రత్తకి నేనే మురిసిపోయాను. అప్పుడు ఉరిమింది. ఇల్లు కదిలింది. ఆ వెంటనే రేవులో చేపలొచ్చాయని పిలిచే గంట మోగింది.

మా రేవు మనిషికి ఆ గంట వినబడితే కాళ్ళు తలని అడగవు. నేను చెప్పు ఒకటి వేసుకుని, ఒకటి చేత్తో పట్టుకుని పోయాను. ఆ ఏడు బురి ఎలా వచ్చాయంటే వల పైకి లాగితే సముద్రం వెండి పళ్ళెంలా లేచింది. రేవులో ఆడవాళ్ళందరం మూడు రోజులు చేపలు కడుగుతూ, మంచు పోస్తూ, పెట్టెలకెత్తుతూ నిలబడే తిన్నాం. ఇంటికి పడుకోవడానికి మాత్రం వచ్చేవాళ్ళం. షెడ్డులో ఆరవేసిన చేపలకి పొయ్యి సన్నంగా వెలుగుతూనే ఉంది. దాంట్లో నూనె మాత్రం గుర్తుపెట్టుకుని పోయించాను, పక్కింటి యాసాకు చేత, బయట కిటికీలోంచే.

నాలుగోరోజు పొద్దున షెడ్డు తలుపు తీస్తే నా కాలు తడిలో పడింది. ఫ్రీజర్ కింద నుంచి నీళ్ళు గుమ్మం దాకా పారాయి. మూత ఎత్తి చెయ్యి పెట్టాను. చేపలు ఇంకా చల్లగానే ఉన్నాయి, కుళ్ళలేదు, కానీ మెత్తబడ్డాయి. పదకొండుమంది వసంతం దాకా పని ఆ మెత్తదనంలో ఉంది. మేకుకి ప్లగ్గు వేలాడుతోంది, నా ముడితో.

సరిగ్గా అప్పుడు సుగి వచ్చింది. మా గుంపులో నాకంటే చిన్నది, నన్ను వదినా అని పిలుస్తుంది. నీళ్ళు చూసి, ఏమైంది వదినా అంది.

ఆ ఒక్క క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేను ఫ్రీజర్‌కి అడ్డంగా నిలబడి, మేకు వీపు వెనకాల పెట్టుకుని అన్నాను:

"ఉరుము కొట్టేసింది. ఫుకి చెప్పినట్టే ప్లగ్గు పీకాను. అయినా పోయింది."

మొదటి మాట చాలు కదా. రెండోది ఎందుకన్నానో, మూడోది ఎందుకన్నానో ఇన్నేళ్ళు ఆలోచించాను. తప్పు చేసినప్పుడు నా నోరు ఒక్క అబద్ధంతో ఆగదు, దానికి కాళ్ళూ చేతులూ పెట్టి పంపిస్తుంది.

సుగి మిగిలినవాళ్ళని పిలవడానికి పోయింది. దారిలో ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు. నా మాట నాకంటే ముందే రేవుకి చేరింది. గోహెయికి ఆ లంగరు తాడు మూడేళ్ళుగా గొంతులో ముల్లులా ఉంది. చూశారా, ఆ కరెంటమ్మ మాట విన్న ఇంటికే దెబ్బ తగిలింది అన్నాడట. వచ్చే ఆదివారం ఊరి హాల్లో కూర్చుని, వలల గిడ్డంగికి, మంచు ఫ్యాక్టరీకి, హాలుకి పెట్టబోతున్న పిడుగు పెట్టెలు వద్దని తేల్చేద్దాం అన్నాడట. మధ్యాహ్నం లోపు నలుగురు ఫుకి దుకాణానికి వెళ్ళి, మా ఇంట్లో పెట్టె తీసేసి పో అని చెప్పారు. అందులో ఒకాయన మొహమాటస్థుడు, ఆ మాట చెప్పడానికి రెండు ముల్లంగులు కానుకగా పట్టుకెళ్ళాడు.

ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి, గుమ్మం ముందు వంగి, ఒక్కో బోర్డూ తెరిపించుకున్న మనిషి. మా ఊళ్ళో ఆమె మాట నిలబడాలా పోవాలా అన్నది ఆ పూట నా నాలుక మీద ఉంది. నాకు తెలుసు. తెలిసీ నేను గుడ్డ తెచ్చి నేల తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఫుకి వచ్చింది. తిట్టడానికి కాదు. కాలిపోయిన వస్తువు ఉందని విన్నది, చూడాలి కదా, అందుకు వచ్చింది. ఎడమ మోకాలు అప్పటికే సరిగ్గా వంగేది కాదు, గుమ్మం పట్టుకుని దిగింది. ముందు మెయిన్ బోర్డు చూసింది. తర్వాత ఫ్రీజర్ వెనక మూత విప్పి, ముక్కు లోపల పెట్టి వాసన చూసింది. కరెంటు కాలితే ఒక వాసన ఉంటుంది, చేపలమ్మే వీధిలో కూడా అది ఆమె పట్టేస్తుంది. మూత మళ్ళీ బిగించింది. లేచి నిలబడింది. అప్పుడు మేకు చూసింది.

చేతిగుడ్డ ముడి విప్పింది. ఆ వల ముడి నాదని ఊళ్ళో ఎవరైనా చెబుతారు, ఎండిన చేపల కట్టలకి నేనే వేస్తాను. ప్లగ్గు సాకెట్లో పెట్టింది. ఫ్రీజర్ గుర్రుమంది. హాయిగా, ఏ జబ్బూ లేనట్టు, నిద్ర లేచిన పిల్లిలా గుర్రుమంటూ ఉంది. మేమిద్దరం నిలబడి అది వింటున్నాం. నలభై ఏళ్ళు సంతలో ఎవరినీ ఎదురు చెప్పనివ్వని నేను చేతిలో తడిగుడ్డ పిండుకుంటూ ఉన్నాను.

బయట చెక్కచెప్పుల చప్పుడయింది. ఆడవాళ్ళు వస్తున్నారు. ఫుకి నా మొహం ఒక్కసారి చూసి, ప్లగ్గు పీకి, అదే గుడ్డతో అదే మేకుకి తగిలించింది. వల ముడి ఆమెకు కూడా బాగానే వచ్చు.

ఏం కాలింది ఫుకీ అని సుగి అడిగింది.

"ఇంకా చూడటం అవలేదు," అంది ఫుకి. "ముందు చేపల సంగతి చూడండి. ఇప్పుడు చెయ్యకపోతే రేపటికి పిల్లులు కూడా ముట్టవు."

కరిగిన చేప మళ్ళీ గడ్డకట్టిస్తే ఎండినప్పుడు పొడిపొడి అవుతుంది. ఉప్పు వేసి తవుడులో ఊరవేయడం ఒక్కటే దారి. సుగి ముక్కు చిట్లించింది, తాజా చేపతో తప్ప తవుడు ఊరగాయ ఎవరు వేస్తారని. మరేం చేస్తావో చెప్పు అని మిగతావాళ్ళు అంటే కత్తి అందుకుంది. పొయ్యి ఆర్పేసి, తలుపులు తీసి, పన్నెండుమందిమి గుండ్రంగా కూర్చున్నాం. పన్నెండోది ఫుకి. మోకాలు చాపుకుని కూర్చుని, చేప తల ఎటు తిప్పాలో తెలియక కొండమనిషిలా తిప్పలు పడింది. మామూలు రోజైతే నేను ఆమెను ఉతికి ఆరేసేదాన్ని. ఆ రోజు ఒక్క మాట అనలేదు. వదిన నోటికి కూడా ఉరుము తగిలినట్టుంది అని సుగి అంటే అందరూ నవ్వారు. నేను చేప కడుపు కోస్తూ కూర్చున్నాను. తలలు ఒక బుట్టలో, చేపలు ఒక పీపాలో, మధ్య మధ్య ఉప్పు. గోహెయి అన్న మాటలు, ఆదివారం కూర్చునే సంగతి, పెట్టె తీసెయ్యమన్న నలుగురి పేర్లు అన్నీ ఆ పీపాల చుట్టూనే తిరిగాయి. ఫుకి వింటూ ఉంది. ఒక్కసారి కూడా తలెత్తి నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

సాయంత్రానికి ఆరు పీపాలు నిండాయి. మూతలు పెట్టి, మీద రాళ్ళు ఎత్తి, పాడవలేదని అందరం ఊపిరి పీల్చుకున్నాం. పని పోలేదు. ఇంకో దారి పట్టింది, అంతే. ఆడవాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఫుకి మాత్రం పనిముట్ల సంచి ముందుకు లాక్కుంది. నన్ను అడగలేదు. బోర్డు తెరిచి, సంచిలోంచి పిడుగు పెట్టె తీసి బిగించింది. వెనక నేలలోకి కడ్డీ కొట్టింది. తీగ కలిపింది. పెట్టె మీద కందిగింజంత పచ్చ దీపం వెలిగింది. అప్పుడు ఖాళీ ఫ్రీజర్ ప్లగ్గు సాకెట్లో పెట్టి, నా చేతిగుడ్డ ముక్క మడిచి నా చేతిలో పెట్టింది.

"ఎందుకు చెప్పలేదే వాళ్ళకి," అన్నాను. పొద్దుటి అబద్ధం తర్వాత నేను మాట్లాడిన మొదటి మాట అది.

"అది నేను చెప్పేది కాదుగా అక్కా."

నేను టీ పెట్టాను. ఇప్పుడు బోర్డు చూసింది కాబట్టి తాగింది. తవుడు చేతులతో కప్పు పట్టుకుని, మోకాలు రుద్దుకుంటూ, ఈ ఏడు మెట్ల వీధిలో ఇళ్ళు ఎక్కలేకపోయానని చెప్పింది. నలభై మూడు దీపాల్లో ఏవి వెలుగుతున్నాయో ఏవి ఆరాయో సగం ఇళ్ళవి తెలియవట. వచ్చే ఏడు అసలు ఎక్కలేనట. మనిషిని పెట్టుకో అన్నాను. మనిషి దొరకడం కష్టం కాదు, ఊళ్ళోవాళ్ళు మాట వినే మనిషి దొరకడం కష్టం, మెత్తగా మాట్లాడేవాళ్ళని గుమ్మంలోనే టీ ఇచ్చి పంపేస్తారు అంది. అప్పుడు కప్పు కింద పెట్టి అడిగింది.

"ఆదివారం లోపు నువ్వు నలభై మూడిళ్ళకీ వెళ్ళు అక్కా. ఆ తర్వాత ప్రతి నవంబరూ వెళ్ళు. చదువు అక్కర్లేదు. బోర్డులో దీపం వెలుగుతుంటే సరే, ఆరిపోతే వచ్చి నాకు చెప్పు. లోపలికి పోయేముందు మాత్రం గుమ్మంలో నిలబడి నీ ఫ్రీజర్ కథ చెప్పు. మేకు సంగతి, ముడి సంగతి, సుగితో ఏమన్నావో అది కూడా. మా ఆయన అలమర తలుపు సంగతి మర్చిపోకు, పాపం ఆయనకీ కాస్త పేరొస్తుంది. గోహెయి పెద్దయ్య ఇంటి నుంచి మొదలుపెట్టు."